అయిదవ కారణము

“అంతయు దైవాధీనము” అను మాట మన గృహములలో దినమునకు పలుమారులు వినవచ్చుచుండును. బాలుడు పరీక్షలో తప్పినపుడు, కుదిరినదనుకొన్న సంబంధము చెడినపుడు, వేసిన పైరు ఎండినపుడు ఈ మాట నాలుకపైకి తనంత తానే వచ్చును. ఆ బాలుడే ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనపుడు, ఆ పైరే విరగబండినపుడు ఇది అంత త్వరగా రాదు. అప్పుడు మన శ్రమ జ్ఞాపకమునకు వచ్చును. ఇది ఆస్తికులు విచారింపదగిన విషయము. దైవమను మాటను మనము ఎప్పుడు పలుకుచున్నాము? ఎప్పుడు పలుకవలెను? పనికి ముందా, పని చెడిన పిమ్మటనా?

ఈ ప్రశ్నను విచారించుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. ఒక చిన్న పెరటితోట చాలును. ఐతే ఆ తోట మన దేశమున కంటె వాతావరణమునకు మాటనిలుకడ లేని దేశమున నున్నచో ప్రశ్న మరింత స్పష్టమగును. మన రైతు కార్తెలను బట్టి సేద్యము చేయును. రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి, ఆర్ద్రలో వాన అనునది తరతరముల లెక్క. వాన ఒక్కొక్క యేడు మోసగించుట కలదు. ఐనను ఏ నెలలో ఏ దిక్కునకు చూడవలెనో రైతునకు తెలియును. బ్రిటన్ దేశమున వసంతకాలము ఇట్టి లెక్కకు లొంగదు. మన తెలుగు కుటుంబములు అనేకము నేడు ఆ దేశమున స్థిరపడినవి. బర్మింగ్‌హాం సమీపమున టివిడేల్ అను చోట 2006లో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయము కూడ వెలసినది. అచటి మన గృహస్థులు ఇంటి వెనుక నున్న జానెడు పెరటిలో మెంతికూర, కొత్తిమీర, బఠాణీ, బంగాళాదుంప, టొమాటో పండించుకొనుచున్నారు. కావున ఆ తోటను గూర్చి యోచించుట మనకు పరాయి విషయము కాదు.

ముందుగా ఆ దేశపు వసంతమును తెలిసికొందము. లండన్ నగరము భూమధ్యరేఖకు ఉత్తరమున 51 డిగ్రీలకు పైబడి యున్నది. తిరుపతి 14 డిగ్రీలకు లోపల నున్నది. అందుచే అచట డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలైనను ఉండదు. జూన్ చివర పదునారున్నర గంటలు దాటును. ఏప్రిల్ నడుమకే పగలు పదమూడున్నర గంటలు మించును. మన తిరుపతిలో సంవత్సరము మొత్తము మీద నంత దీర్ఘమైన పగలు లేదు. కాని వెలుతురు వచ్చినంత వేగముగా వేడి రాదు. సూర్యుడు పిలుచుచుండును, నేల మాత్రము ఇంకను చల్లగనే యుండును. తోటవాని తొందరపాటునకు మూలము ఇదియే.

ఇంకొక కారణము గాలి. ఆ ద్వీపములు నాలుగు దిక్కుల గాలులు కలియు చోట నున్నవి. పడమటి గాలి అట్లాంటిక్ సముద్రపు తేమను తెచ్చును. ఉత్తరపు గాలి ధ్రువప్రాంతపు చలిని తెచ్చును. తూర్పు గాలి ఐరోపా ఖండపు పొడిచలిని, దక్షిణపు గాలి వెచ్చదనమును తెచ్చును. ఏ వారమున ఏ గాలి గెలుచునో ఆ వారపు వాతావరణము అదియే. 2018వ సంవత్సరమున ఫిబ్రవరి చివరను, మార్చి మొదటను తూర్పుగాలి వీచి దేశమంతయు మంచుతో కప్పబడినది. ఏడు వారములు గడచునంతలో, ఏప్రిల్ 19వ తేదీన, లండన్‌లో 29.1 డిగ్రీల ఎండ కాసినది. 2021 ఏప్రిల్‌లో సగటున 13 రాత్రులు నీరు గడ్డకట్టు చలి పడినది. 1960 నుండి గల లెక్కలలో ఏప్రిల్ నెలకు అదియే హెచ్చు. 2025 వసంతమో, ఆ దేశపు నమోదులలో నెల్ల వెచ్చనిది, ఎండ మిక్కుటమైనది. క్రికెట్ ఎరిగిన పాఠకులకు ఒక్క ముచ్చట చాలును: 1975 జూన్ 2వ తేదీన డెర్బీషైర్‌లోని బక్స్‌టన్ పట్టణమున మంచు కురిసి ఆట ఆగిపోయినది. మన దేశమున రోహిణి కార్తె ఎండలు మండు దినములవి!

ఇట్టి చోట తోటవాడు ఏమి చేయును? అతని పని జనవరి చివరనే ఆరంభమగును. విత్తనపు బంగాళాదుంపలను కళ్ళు పైకి ఉండునట్లు పేర్చి, వెలుతురు తగులు చల్లని చోట నుంచి మొలకెత్తించును. మార్చి చివర వానిని నేలలో నాటును. మొలక పైకి వచ్చి చలి ముంచుకొని వచ్చినచో మట్టిని ఎగదోసి ఆ మొలకను కప్పివేయును. బఠాణీ, క్యారెట్ వంటివి కొంత చలికి ఓర్చును. ఐనను నేల 7 డిగ్రీలైనను వెచ్చబడక ముందు విత్తినచో గింజ మొలవక తడిలో కుళ్ళును. టొమాటో, చిక్కుడు జాతుల మాట వేరు. ఒక్క రాత్రి చలిమంచు తగిలినచో తెల్లవారుసరికి ఆకులు నల్లబడి వ్రేలాడును. కావున వాని నారును ఇంటిలోపల కిటికీ గట్టుపైననో, అద్దాల ఇంటిలోననో పెంచుదురు. దక్షిణ ఇంగ్లండులో మే నడుమ వరకును, ఉత్తరమునను స్కాట్లండులోను మే చివర లేదా జూన్ మొదలు వరకును చలిమంచు భయము తొలగదు. మే మాసము దాటువరకు ఉన్నిబట్ట విడువరాదని అచటి వృద్ధులు చెప్పుచుందురు.

ఇక విచారణకు వత్తము. ఇచట రెండు పూర్వపక్షములు బయలుదేరును.

మొదటివాడు ఇట్లనును: “ఫలము దైవాధీనమే గదా! రాత్రి లేచి మొక్కలపై గుడ్డ కప్పుట, దినదినము వాతావరణవార్తలు వినుట ఎందుకు? రక్షింపదలచిన వాడు మంచులోనైనను రక్షించును. ఇట్లు కప్పుట విశ్వాసలోపము కాదా?” రెండవవాడు ఇట్లనును: “దైవము చేసినదేమి? విత్తు కొన్నవాడను నేను, అద్దాల ఇల్లు కట్టినవాడను నేను. పండినది నా పంట.” వీరిద్దరును పరస్పరవిరోధులుగా కనిపింతురు. కాని ఇద్దరిదియు ఒకే పొరపాటు. పనికి కారణము ఒక్కటియే యని ఇద్దరును తలంచుచున్నారు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఏ కర్మకైనను అయిదు కారణములను చెప్పియున్నాడు. అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధములైన చేష్టలు, అయిదవది దైవము. అచట అధిష్ఠానమనగా శరీరమని పెద్దల వ్యాఖ్యానము. బోధసౌకర్యము కొరకు ఈ లెక్కను తోటకు అన్వయించి చూతము. నేల అధిష్ఠానము. తోటవాడు కర్త. విత్తు, పార, నీటిడబ్బా, పలుచని తెల్లగుడ్డ, అద్దపు మూత గల చెక్కపెట్టె ఇవి కరణములు. విత్తుట, నీరు పోయుట, కప్పుట, కప్పినదానిని తీయుట, వేచియుండుట ఇవి చేష్టలు. వేచియుండుటయు ఒక చేష్టయే యని మరువరాదు. ఈ నాలుగును సమకూడినను పంట సిద్ధింపదు. గింజలోపల నున్న జీవమును మేల్కొల్పువాడు, గాలిని త్రిప్పువాడు వేరొకడు కలడు. భగవద్రామానుజులు ఈ అయిదవదానిని అంతర్యామియైన పరమాత్మయనియే వ్యాఖ్యానించిరి. అది గుడ్డి అదృష్టము కాదు. కర్తలోపలను, నేలలోపలను, మంచులోపలను ఉండి నడపువాడు.

ఇపుడు మొదటివానికి సమాధానము తేలిక. అయిదవవాడు కలడని నమ్మినచో మొదటి నాలుగును కూడ ఆయన మనచేతికి ఇచ్చినవే యని నమ్మవలెను. చేతిలో గుడ్డ యుండి, చలి రానున్నదని తెలిసియుండి, కప్పకుండుట విశ్వాసము కాదు. సోమరితనమునకు విశ్వాసమను ముసుగు వేయుట. ఇల్లాలు స్వామికి నివేదింపవలసిన అన్నమును మూత వేయక వదలి ఈగలు వ్రాలినపుడు “స్వామి చూచుకొనును” అనునా? మూత వేయుట కైంకర్యములోని భాగమే. అట్లే మొక్కను కప్పుటయు.

రెండవవానికి సమాధానము చరిత్రయే చెప్పును. ఇంగ్లండులో సెల్‌బోర్న్ గ్రామమున గిల్బర్ట్ వైట్ అను మతాచార్యుడు (1720–1793) ఉండెను. 1751 నుండి తన తోటలో ఏ దినమున ఏమి విత్తెనో, ఏది ఎప్పుడు మొలచెనో వ్రాసియుంచుకొనెను. పిమ్మట వాతావరణమును, పక్షులను, చెట్లను గూర్చి దినచర్య వ్రాసెను. అంతటి శ్రద్ధాళువు అరుదు. 1783 వేసవిలో ఆయనకు ఒక వింత కనబడెను. వారముల తరబడి ఆకాశమును ఒక విచిత్రమైన మసక కప్పెను. మధ్యాహ్నసూర్యుడు కాంతి తగ్గి కనబడెను. దూరమున ఐస్‌లాండులో లాకి అను చోట భూమి పగిలి వెలువడిన పొగయే దానికి కారణమని నేటివారు ఎరుగుదురు. తోటవాడు తన నేలను ఎంత ఎరిగినను, సముద్రమునకు ఆవల పగిలిన భూమిని ఏమి చేయగలడు? 1815లో ఇండోనేషియాలోని తంబోరా పర్వతము బ్రద్దలగుటచే మరునాటి యేడు ఐరోపాలో వేసవియే సరిగా రాక పంటలు పాడైనవి. “పంట నాది” అనువాడు తన లెక్కలో ఆ పర్వతమును కూడ చేర్చవలసియుండును.

ఐతే తెలియనిది ఉన్నదని తెలియదగిన దానిని వదలరాదు. ఇంగ్లండు నడిభాగపు ఉష్ణోగ్రతల పట్టిక 1659వ సంవత్సరము నుండి నెలవారీగా కలదు; పనిముట్లతో కొలిచిన ఉష్ణోగ్రతల పట్టికలలో లోకమున దీనికంటె దీర్ఘమైనది లేదు. 1854లో స్థాపింపబడిన వాతావరణశాఖకు మొదటి అధిపతి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. ఆయన 1861 ఆగస్టు 1వ తేదీన లండన్ ‘టైమ్స్’ పత్రికలో ప్రజల కొరకు మొదటి వాతావరణసూచనను ప్రకటింపజేసెను. తాను చెప్పునది భవిష్యవాణి కాదనియు, తెలిసిన సంగతుల నుండి చేసిన అంచనాయే యనియు ఆయన స్పష్టముగా చెప్పెను. ఈ వివేకము మనకును ఆదర్శము. అంచనాను శాసనముగా గైకొనువాడు మోసపోవును. అంచనా తప్పగలదని దానిని వినకుండువాడు నష్టపోవును.

ముహూర్తముల విషయమునను ఇంతియే. అచటివారు పూర్వము ఈస్టరు పండుగకు ముందు వచ్చు గుడ్ ఫ్రైడే నాడు బంగాళాదుంప నాటుట ఆచారము. ఆ పండుగ మన తిథుల వలెనే పున్నమిని బట్టి వచ్చును. కావున ఆ శుక్రవారము ఒక యేడు మార్చి 20న రావచ్చును, మరియొక యేడు ఏప్రిల్ 23న రావచ్చును. దినము పవిత్రమే, కాని ఆ నాటి నేల వెచ్చనిదా కాదా యని చేయి పెట్టి చూచుట తోటవాని వంతు. ముహూర్తము మనస్సును సిద్ధపరచును. నేలను చూచుట మానుమని అది చెప్పదు.

తొందర ఒక దోషమైనచో భయము మరియొక దోషము. చలి రావచ్చునని మే గడచును, వాన ఎక్కువయగునని జూన్ గడచును; విత్తు పొట్లములోనే యుండిపోవును. మరీ ఆలస్యముగా విత్తిన చిక్కుడునకు అక్టోబరు చలిలోగా కాయుటకు వ్యవధి చాలకపోవచ్చును. పతంజలి మహర్షి మహాభాష్యమున ఒక లౌకికన్యాయమును చెప్పెను. లేళ్ళు మేయునను భయమున యవలు చల్లుట లోకులు మానరనియు, భిక్షుకులు వత్తురని పొయ్యిపై కుండ నెక్కించుట మానరనియు దాని తాత్పర్యము. మంచు ఉన్నదని విత్తు మానుట తగదు.

రక్షణలోనే మరియొక సూక్ష్మమున్నది. ఇంటిలోపల వెచ్చగా పెరిగిన నారును ఒక్కసారిగా బయట నాటినచో అది తట్టుకొనలేదు. లోపలనే ఉంచినచో వెలుతురు కొరకు సాగి, కాడ సన్నబడి, కూలబడును. కావున వారము పది దినములు నారుకుండలను పగలు బయట పెట్టి, రాత్రి లోపలికి తెచ్చి, క్రమముగా గాలికిని చలికిని అలవాటు చేయుదురు. కప్పుట ఎంత ముఖ్యమో, కప్పినదానిని తీయుట అంత ముఖ్యము. బిడ్డలను పెంచు తల్లిదండ్రులు ఈ పనిని చూచి నేర్వదగినది కలదు. దూరదేశమునకు పంపిన కుమారుని గూర్చి రేయింబవళ్ళు దిగులుపడు తల్లికి నేను చెప్పు మాట ఇదియే: నీవు ఇన్నేండ్లు ఇచ్చిన వెచ్చదనము వాని కాడలో నున్నది. ఇక నాలుగు వంతుల పని నీది కాదమ్మా. అయిదవవాడు అచటను కలడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. ఒక వీథిలో రెండు తోటలున్నవి. ఒకటి కొంచెము మెట్టన, ఒకటి పల్లమున. ఇద్దరు తోటవారును మే రెండవ వారమున ఒకే దినము టొమాటో నారు నాటిరి. ఇద్దరును గుడ్డ కప్పిరి. ఆ రాత్రి ఆకాశము నిర్మలమైనది, గాలి ఆగినది. చల్లనిగాలి బరువైనది; నీటివలె పల్లమునకు జారి అచట నిలుచును. తెల్లవారుసరికి పల్లపు తోట నల్లబడినది, మెట్ట తోట బ్రతికినది. మెట్టవాడు ఏమనును? “నేను సరిగా కప్పితిని, అతడు తొందరపడెను” అనును. పల్లమువాడు ఏమనును? “దైవము నా పంట కొట్టెను” అనును. మెట్టవాని నోట దైవమను మాట రానే లేదు. పల్లమువాని నోట అది నిందగా వచ్చినది. అడుగు రెండడుగుల నేల ఎత్తు వారిద్దరిని ఇట్లు మాటలాడించినది.

తోటలో ఇది నాలుగు మొక్కల నష్టము. లోకమున ఇదే మాట మనుష్యులను గాయపరచును. ఒక యింట రోగము వచ్చినపుడు “పథ్యము తప్పియుందురు” అందుము. ఒకని వ్యాపారము చెడినపుడు “ముందుచూపు లేదు” అందుము. మన యింట అదే జరిగినపుడు “దైవము” అందుము. పరుల నష్టమున నాలుగు కారణములే మనకు కనబడును. మన నష్టమున అయిదవది మాత్రమే కనబడును. మన లాభమున అయిదవది మాయమగును. ఇది భక్తి కాదు. అహంకారమునకు దైవమును కావలి పెట్టుట. చేయదగినదంతయు చేసియు నష్టపోయిన వాడు కలడని ఒప్పుకొనుట ఆస్తికుని మొదటి దయ. అట్టివాని కడకు పోయి తప్పు వెదకరాదు; మన నారులో మిగిలిన నాలుగు మొక్కలను తీసికొని పోవలెను.

తోటవారిలో ఈ దయ సహజముగా కనబడును. బ్రిటన్‌లో పెరడు లేనివారికి స్థానికసంస్థలు ఊరి అంచున అద్దెకిచ్చు కూరమడులను అలాట్‌మెంట్ అందురు. ఇంగ్లండు, వేల్సులలో 1908 నాటి చట్టము వానికి ఆధారము. నిండుమడి సుమారు 250 చదరపు మీటర్లు. ఇట్టి మడిని ముఖ్యముగా తనకును తన కుటుంబమునకును కావలసిన కూరలు, పండ్లు పండించుకొనుటకే వాడవలెనని 1922 నాటి చట్టము దానిని నిర్వచించినది. అచట ఒకని విత్తు చెడినచో ప్రక్కమడివాడు మిగిలిన నారు నిచ్చుట, జూలై ఆగస్టులలో చిక్కుళ్ళు, లేత గుమ్మడిజాతి కాయలు విరివిగా కాసినపుడు ఇరుగుపొరుగులకు పంచుట వాడుక. ఎరిగిన తోటవాడు విత్తులన్నియు ఒక్కసారి చల్లడు. రెండు మూడు వారముల కొక చాలు చొప్పున చల్లును. ఒకటి చెడినను మరియొకటి నిలుచును. నష్టము వచ్చినపుడు తిరిగి విత్తుటకు పిడికెడు విత్తు దాచుకొనుట విశ్వాసలోపము కాదు. తిరిగి విత్తుటయే విశ్వాసము.

కావున దైవమను మాటను పలుకవలసిన సమయములు మూడు. విత్తుటకు ముందు పలుకవలెను. అప్పుడది మన చేతులకు వినయమును, శ్రద్ధను ఇచ్చును. పంట వచ్చినపుడు పలుకవలెను. అప్పుడది ఆ పంటను నివేదనగను, పంచియిచ్చు ప్రసాదముగను చేయును. పరుల నష్టమును చూచినపుడు పలుకవలెను. అప్పుడది మన నాలుకను తీర్పు చెప్పనీయక ఆపును. మన నష్టమున మాత్రము ముందుగా నాలుగు కారణములను నిష్పక్షపాతముగా పరిశీలించి, దిద్దుకొనదగినది దిద్దుకొని, ఆ పిమ్మట మిగిలిన భారమును ఆయన పాదములయందు ఉంచవలెను. ఈ క్రమము తప్పినచో అదే మాట సాకుగా మారును.

ఆ దేశమున రాబోవు వసంతమున ఎవరి పెరటిలోనైనను ఒక్క మెంతి గింజ మొలచినచో, దానికి నీరు పోసిన చేతిని, దానిలో జీవమును నింపినవానిని కలిపి స్మరింతురు గాక. ఎండలోను, మంచులోను అంతర్యామియై యున్న శ్రీనివాసుడు ఇచటివారికిని, దూరదేశముల నున్న మన బిడ్డలకును శ్రద్ధను, ఓర్పును, పంచుకొను బుద్ధిని అనుగ్రహించుగాక!